పదిహేడు మీటర్లు

జనవరి 19, సోమవారం

బడి నుంచి రాగానే ఫోను మోగింది. గుంటూరు కారు షోరూం నుంచి ఒక అమ్మాయి. ఆయన స్పీకరు నొక్కి నా వైపు చాచారు. కరెంటు కారు కదా, ఇంటికి తెచ్చుకునే ముందు చార్జరు పెట్టే చోటు చూడాలట. సైట్ సర్వే అంటారట. మనిషి వచ్చి మీటరు, మెయిన్ బోర్డు, ఎర్తింగు, కారు నిలిపే షెడ్డు, బోర్డు నుంచి షెడ్డుకి దూరం, అన్నీ చూసి రాసుకుపోతాడట. గంటసేపు పని. మనం ఏం సిద్ధంగా పెట్టుకోవాలో కూడా ఆ అమ్మాయి చెప్పింది. ఈమధ్య కరెంటు బిల్లు ఒకటి, ఇల్లు మనది కాదు కాబట్టి ఇంటివాళ్ల ఒప్పుకోలు లెటరు, మీటరు ఫొటోలు.

ఇంటివాళ్లంటే మా చర్చి సంఘం, ఆయన ఇక్కడి పాస్టరు. ఈ పాస్టరు బంగళా మిషను రోజుల్లో కట్టింది. వైర్లు ఇప్పటికీ చెక్కపట్టీల మీదే పోతాయి. వాన పడితే వంటింటి స్విచ్చి ముట్టుకోవాలంటే భయం. ఇలాంటి ఇంటికి కారు చార్జరు ఏమిటి?

నా కంగారంతా వైరింగు గురించే.

జనవరి 20, మంగళవారం

హాజరు రెండుసార్లు పిలిచాను. మూడో తరగతి పిల్లలంతా నవ్వారు.

జనవరి 22, గురువారం

ఈ నోటుబుక్కు బడి బీరువాలో, పాత మధ్యాహ్న భోజనం రిజిస్టర్ల కింద పెడుతున్నాను. ఇంట్లో పెట్టినా ఫర్వాలేదు. ఆయన చదవలేరు.

ఈ మాట రాశాక కొట్టేద్దామనిపించింది. కొట్టేయలేదు. ఇక్కడైనా రాయకపోతే ఇంకెక్కడ రాస్తాను?

పోయిన ఏడాది ఈస్టరు ముందు శ్రమదినాల్లో మొదలైంది. టీ గ్లాసులో కాకుండా పక్కన పోశారు. తర్వాత ఆదివారం బైబిలు పాఠం చదవడానికి సంఘ పెద్ద ఎలీషాని పిలవడం మొదలుపెట్టారు. "నీ గొంతు బాగుంటుందిరా, నువ్వు చదువు" అన్నారు. ఎలీషా మురిసిపోయాడు. తర్వాత ప్రసంగం నోట్సు తన అక్షరాల్లో తనకే అర్థం కావడం లేదని, నన్ను రాసిపెట్టమన్నారు. పాత క్యాలెండరు కాగితాల వెనక లావు స్కెచ్‌పెన్నుతో, బొటనవేలంత అక్షరాలతో రాస్తున్నాను. అక్షరాలు నెలనెలా పెద్దవవుతున్నాయి. మేమిద్దరం ఆ విషయం ఒక్కసారి కూడా మాట్లాడుకోలేదు.

ఆయనకు షుగరు పన్నెండేళ్ల నుంచీ ఉంది. మా అమ్మాయి ఫెబా అడిగితే "కళ్లు చూపించుకున్నాను, అద్దాలు మార్చారు" అన్నారు. నేను పక్కనే కూరగాయలు తరుగుతున్నాను. చూపించుకోలేదని నాకు తెలుసు.

నవంబరులో మార్టూరు రోడ్డు పక్కన ఆగి ఉన్న పత్తి ట్రాలీని బైకుతో గుద్దారు. పట్టపగలు. మోచెయ్యి గీసుకుపోయింది. ఎదురు లారీ దుమ్ము లేపిందన్నారు. ఒంగోలు బ్యాంకు నుంచి ఫెబా అదే రోజు వచ్చి, "నాన్నా, ఈ వయసులో ఏడు ఊళ్లు బైకు మీద తిరగొద్దు" అని పట్టుబట్టింది. అలా వచ్చింది ఈ కారు మాట. ఆయన చిన్నపిల్లాడిలా సంబరపడ్డారు. దగ్గర్లో ఏదైనా ఉంటే కారే కూత పెడుతుందట.

కూత పెడితే సరిపోతుందా?

జనవరి 25, ఆదివారం

ఒప్పుకోలు లెటరు మీద నాకు ఆశ ఉండేది. కమిటీ అంటే మూడు వారాలు పడుతుంది, ఎవరో ఒకరు అడ్డం చెబుతారు అనుకున్నాను. ఆరాధన అయిపోగానే ఎలీషా గుమ్మంలోనే మోకాలి మీద పెట్టుకుని సంతకం చేశాడు. "అయ్యగారు కారులో తిరిగితే మనకే గౌరవం కదమ్మా" అన్నాడు. స్టాంపు కూడా జేబులోనే ఉంది అతనికి.

జనవరి 28, బుధవారం

మీటరు ఫొటోలు పంపమని మెసేజీ. చెయ్యి కదిపి తీశాను. అంకెలు అలికినట్టు వచ్చాయి. అవే పంపాను.

సాయంత్రం ఒకతను ఫోను చేశాడు. పేరు మాబు అన్నాడు. సర్వేకి వచ్చేది అతనే. "ఫొటోలు సరిగ్గా లేవు మేడం. ఏం ఫర్లేదు, నేనే వచ్చి తీసుకుంటా. శనివారం పదింటికి ఉంటారా?"

ఉంటామన్నాను. పనికిమాలిన తెలివి నాది.

గేటు దాకా వెళ్లి వచ్చాను. మళ్లీ వెళ్లాను. ఏం చూడ్డానికో తెలియదు. వాకిలి రెండోసారి ఊడ్చాను.

జనవరి 31, శనివారం

రెండో శనివారం కాదు, బడికి సెలవు లేదు. అయినా సెలవు పెట్టి ఇంట్లో ఉన్నాను. సర్వే మనిషి వెళ్లాక మందిరం వెనక మెట్ల మీద కూర్చుని ఇది రాస్తున్నాను. నోటుబుక్కు ఈమధ్య నా సంచిలోనే తిరుగుతోంది.

మాబుకి ముప్పై అయిదు ఉంటాయి. భుజాన నల్ల సంచి, చేతిలో ఫోను. చెప్పులు గుమ్మం బయట విడిచి, ముందు మంచినీళ్లు అడిగి తాగి, మీటరు దగ్గరికి వెళ్లాడు. ఆయన ఇస్త్రీ చొక్కా వేసుకుని అతని వెంటే తిరిగారు, పెళ్లి సంబంధం చూడ్డానికి వచ్చినవాళ్ల వెంట తిరిగినట్టు.

"మీ లోడు రెండు కిలోవాట్లే సార్. దీని మీద కారు పెడితే, ఫ్రిజ్జు, మోటారు, కారు ఒక్కసారి నడిచాయంటే మెయిన్ ఎగిరిపోద్ది."

నాకు ప్రాణం లేచొచ్చింది. "అయితే కుదరదా?" అన్నాను.

"ఎందుకు కుదరదు మేడం? లోడు పెంచమని అప్లికేషను పెట్టుకోవాలి. పది పదిహేను రోజులు."

తర్వాత బోర్డు తెరిచి చూసి నాలుక చప్పరించాడు. పాత ఫ్యూజులు. నేను మళ్లీ ఆశపడ్డాను. చార్జరుకి వేరే లైను, వేరే బ్రేకరు వేస్తారట, పాత వైర్లతో పనే లేదట. వెనకకెళ్లి ఎర్తింగుకి ఏదో మీటరు తగిలించాడు. "ఎర్తింగు చచ్చిపోయిందండీ" అన్నాడు. ఇది మాత్రం పెద్ద అడ్డే అనుకున్నాను. కొత్త గుంత తీసి రాడ్డు దింపుతారట, ఒక పూట పని. గోడ తట్టి చూశాడు. పిడుగురాళ్ల సున్నంతో కట్టిన గోడ, మూరెడు మందం. "ఇట్టాంటి గోడ ఇప్పుడు ఎవరు కడుతున్నారు సార్? చార్జరు కాదు, ఏనుగునైనా మోస్తది." షెడ్డులో నిలబడి ఫోను సిగ్నలు కూడా చూసుకున్నాడు. ప్రతి జబ్బుకీ అతని దగ్గర ఒక మందుంది.

చివరికి టేపు తీశాడు. కొసని బోర్డు కింద తన వేలితో నొక్కిపెట్టి, చుట్టని ఆయన చేతికిచ్చాడు. "సార్, మీరు షెడ్డు స్తంభం దాకా లాక్కెళ్లి, అక్కడ ఎంతుందో చెప్పండి."

ఆయన లాక్కుంటూ వెళ్లారు. స్తంభానికి ఆనించి, టేపు మొహం దగ్గరికి తెచ్చుకున్నారు. దూరం పెట్టారు. మళ్లీ దగ్గరికి తెచ్చుకున్నారు. తర్వాత, వేదిక మీద నుంచి చెప్పినట్టు గట్టిగా, "పదకొండు" అన్నారు.

"పదకొండేనా సార్?"

నేను పక్కకెళ్లి చూశాను. ఆయన బొటనవేలి గోరు పక్కన, నల్లగా, పదిహేడు.

"అవునండీ, పదకొండే" అన్నాను.

సర్వే చెడిపోవాలని పన్నెండు రోజులుగా కోరుకున్నదాన్ని. చెడగొట్టే మాట నోటి దాకా వస్తే మింగేశాను. నేను ఆలోచించి అన్నది కాదు. ఆయన జారిపడబోతే చెయ్యి పట్టుకున్నట్టు వచ్చేసింది.

మాబు మా ఇద్దరినీ చూసి, సరే అని ఫోనులో ఏదో కొట్టుకున్నాడు. ఆయన అతని కోసం మజ్జిగ తేవడానికి లోపలికి వెళ్లారు. నేను షెడ్డులో ఎండు కొబ్బరిమట్టలు ఊరికే ఇటు నుంచి అటు సర్దాను.

ఫిబ్రవరి 1, ఆదివారం

ఏం రాయను. ప్రసంగం బాగా చెప్పారు.

ఫిబ్రవరి 3, మంగళవారం

ఇంటర్వెల్లులో మాబు ఫోను.

"మేడం, సార్ పక్కన లేరు కదా?"

బడిలో ఉన్నానని చెప్పాను.

"రిపోర్టులో నేను పదిహేడనే రాశాను. సార్ మజ్జిగ తేవడానికి వెళ్లినప్పుడు మళ్లీ కొలుచుకున్నా. మీరు కొబ్బరిమట్టలు సర్దుతున్నారు."

ఫోను ఇంకో చెవికి మార్చుకున్నాను.

"కేబులు పొట్టిదైతే ఇంకోటి తెస్తాం మేడం. దాని కోసం ఫోను చెయ్యను. కారు నడిపేది సారేనా?"

"మా అమ్మాయి కూడా నడుపుతుంది" అన్నాను. ఫెబా ఒంగోలులో ఉంటుంది. దానికి స్కూటీ తప్ప ఏదీ రాదు.

"మా ఫారంలో మీటరు గురించి అడుగుతారు, గోడ గురించి అడుగుతారు. నడిపే మనిషి గురించి అడగరు. అందుకని నేను ఎక్కడా రాయలేదు. మీకు చెప్పకుండా ఉంటే మాత్రం నాకు బాగుండదు. ఉంటా మేడం."

బెల్లు కొట్టారు. పిల్లలు వచ్చి కూర్చున్నారు. ఏం చెబుతున్నానో నాకు తెలియకుండానే పదిహేడో ఎక్కం బోర్డు మీద రాస్తున్నాను. వాళ్లకి ఇంకా పదో ఎక్కమే రాదు.

ఫిబ్రవరి 5, గురువారం

రిపోర్టు వచ్చింది. సైటు అనుకూలం. లోడు పెంచాలి, ఎర్తింగు కొత్తది వెయ్యాలి. దూరం పదిహేడు మీటర్లు. ఆయనకు చదివి వినిపించాను. దూరం దగ్గరికొచ్చేసరికి ఆ లైను వదిలేశాను.

ఫిబ్రవరి 6, శుక్రవారం

మాబుకి ఏం తెలుసు? ఒక్క గంట చూశాడు. ఎండలో టేపు మెరిస్తే ఎవరైనా తప్పు చదువుతారు. ఆయన ఇరవై ఆరేళ్లుగా తిరుగుతున్న రోడ్లు అవి. కళ్లు మూసుకుని పోగలరు.

ఫిబ్రవరి 7, శనివారం

నిన్న రాసింది చదువుకున్నాను. "కళ్లు మూసుకుని" అని నేనే రాశాను.

ఫిబ్రవరి 10, మంగళవారం

చెప్పాను.

సాయంత్రం టీ ఇచ్చి, ఎదురుగా స్టూలు వేసుకుని కూర్చున్నాను. "ఏమండీ, ఆ రోజు టేపు మీద ఉన్నది పదకొండు కాదు, పదిహేడు" అన్నాను.

"మాబు చెప్పాడా?"

"నేనూ చూశాను."

"చూస్తే పదకొండని ఎందుకన్నావు?"

పైట కొంగు మడతలు పెడుతూ కూర్చున్నాను.

"నేను తప్పు చదివినప్పుడల్లా నువ్వు అవుననే అన్నావు కుమారీ. అది పదకొండే అన్నావు. నాకు కనిపిస్తోందనే అనుకున్నాను నేను. నువ్వు అవునంటే ఇంకెవర్ని అడగాలి?"

"మీకు తెలియదా? నోట్సు అంత లావుగా ఎందుకు రాస్తున్నానో తెలియదా?"

"తెలుసు" అన్నారు. అప్పుడు గొంతు లేచింది. "తెలుసు! అయితే ఏం చెయ్యమంటావు? పెందలాడే ఇంట్లో కూర్చోమంటావా? ఏ ఇంట్లో? ఈ ఇల్లు మనదా? నేను వేదిక దిగిన నెలకి తాళాలు ఇచ్చెయ్యాలి."

"అందుకని ఎవరి మీదకో ఎక్కించమంటారా?"

గ్లాసు కింద పెట్టబోయి అరుగు అంచు మీద పెట్టారు. పడి పగిలింది. ఇద్దరం దాన్ని చూశాం. ఎవరం వంగలేదు.

"నాకు కనిపిస్తుంది. కావలసినంత కనిపిస్తుంది. ఆదివారం నేనే చదువుతాను, చూద్దువుగాని" అని బయటికి వెళ్లిపోయారు.

ఫిబ్రవరి 12, గురువారం

శివపార్వతి బడికి వచ్చింది. పడమటి రోడ్డు పక్కన వాళ్ల మిరప కళ్లం. మొగుడు యలమంద, తను, ఇద్దరు కూలీలు. మనవరాలు నా క్లాసులోనే. పిల్ల కోసం వచ్చిందేమో అనుకున్నాను.

"నిన్న పొద్దున అయ్యగారు మా కళ్లంలోకి బండి తోలారు టీచరమ్మా" అంది.

ఆయన నాకు చెప్పలేదు. బండి తోసుకుంటూ ఇంటికొచ్చారు. పెట్రోలు అయిపోయిందన్నారు.

"రోడ్డు అనుకుని ఎర్రగా పరిచిన కాయల మీదికే వచ్చేశారు. నేను తాలు కాయలు ఏరుకుంటా కూర్చున్నా. అరుస్తూనే ఉన్నా. నేను కాలు లాక్కున్నా కాబట్టి సరిపోయింది. బుట్ట నుజ్జయింది. మా ఆయన కర్ర తీసుకుని లేచాడు, అయ్యగారని చూసి అట్టా నిలబడిపోయాడు. కాయలు పోతే పోయినయ్. నా కాలు పోయేది కదమ్మా."

"పొద్దున్నే కదా, ఎండ కళ్లలో పడి ఉంటుంది" అన్నాను.

శివపార్వతి నన్ను చాలాసేపు చూసింది. "తూర్పు నుంచి పడమటికి వచ్చే మనిషికి పొద్దున పూట ఎండ కళ్లలో ఎట్టా పడద్ది?"

వెళ్లబోతూ తిరిగి, "మేం మీ సంఘం కాదు, మాకెందుకులే అనుకున్నా. మా ఆయనే పోయి చెప్పమన్నాడు. అయ్యగారికి మంచిది కాదు" అంది.

ఆమె వేళ్లు మిరపకాయల ఘాటుకి ఎర్రగా ఉబ్బి ఉన్నాయి. నేను వాటినే చూస్తూ నిలబడ్డాను. క్షమించమని కూడా అనలేదు.

ఫిబ్రవరి 13, శుక్రవారం

ఒక మాట రాయాలి. ఇల్లు పోతుందని భయపడ్డాను, నిజం. ఆయన కుంగిపోతారని భయపడ్డాను, అదీ నిజం. ఇంకొకటి ఉంది. ముప్పై ఏళ్లలో ఆయన నన్ను పిలిచినదాని కంటే ఈ ఒక్క ఏడాదిలో ఎక్కువ పిలిచారు. కుమారీ, ఇది చూడు. కుమారీ, అక్కడెవరు? కుమారీ, రా. అంతకుముందు ఆయన ఊళ్లవాళ్ల మనిషి. ఈ ఏడాది నా మనిషి అయ్యారు.

ఇది ఎవరికీ చెప్పలేను.

ఫిబ్రవరి 14, శనివారం

రేపటి నోట్సు రాసి ఇవ్వనన్నాను. "అక్కర్లేదు" అన్నారు. గదిలో తలుపు వేసుకుని, ఫోనులో రికార్డు పెట్టుకుని అధ్యాయం వింటున్నారు. అదే అధ్యాయం, మళ్లీ మళ్లీ. నేను పప్పు రెండుసార్లు కడిగి, మూడోసారి పారబోశాను.

ఫిబ్రవరి 15, ఆదివారం

ఆరాధన అయ్యాక ఇంటికి రాకుండా బడికి వచ్చేశాను. తాళం నా దగ్గర ఉంటుంది. ఖాళీ క్లాసులో రాస్తున్నాను.

ఎలీషా పాఠం చదవడానికి లేచాడు. ఆయన చెయ్యెత్తి, "కూర్చో, ఇవాళ నేను చదువుతాను" అన్నారు. బైబిలు తెరిచి, సరైన పేజీ కోసం వెతికినట్టు కాగితాలు తిప్పి, మొదలుపెట్టారు.

తడబడలేదు. ఒక్కో మాటా నిదానంగా, అందంగా చెబుతున్నారు. పేజీ తిప్పవలసిన చోట తిప్పారు కూడా. ఆడవాళ్ల వైపు ముందు చాప మీద నేను. పెదవులు ఆయనతో పాటే కదులుతున్నాయి, ఎప్పటిలాగే. ప్రసంగంలో ఆయన ఎక్కడైనా ఆగితే నేను దగ్గినట్టు మాట అందిస్తాను. ఏడాదిగా అదే అలవాటు.

సగం దాటాక ఆగారు.

తర్వాతి మాట నాకు తెలుసు. నా పక్కన ఉన్న ముసలమ్మకి కూడా తెలుసు. అందరికీ తెలిసిన వాక్యమే. ఆయన తల ఎత్తి నా వైపు తిప్పారు. నేను పళ్లు బిగించుకున్నాను. ఫ్యాను చప్పుడు. ఎవరో పసిబిడ్డ ఏడ్చి ఆగింది. అందించనా, అందించనా అని గుండె కొట్టుకుంది. అందించలేదు.

ఆయన పుస్తకం మూసేశారు.

"నేను ఇప్పటిదాకా చదవలేదు. ఒప్పజెప్పాను. ఏడాది నుంచీ ఇంతే. అక్షరాలు నాకు కనబడటం లేదు. బుధవారం ఒక ఆవిడ కాలు మీద నుంచి బండి పోనిచ్చేవాణ్ణి. ఆవిడ తప్పించుకుంది కాబట్టి ఇక్కడ నిలబడ్డాను."

మూసిన పుస్తకం మీద చెయ్యి పెట్టుకుని మళ్లీ అన్నారు.

"మా ఇంటావిడకు తెలుసు. ఆవిడను ఎవరూ ఏమీ అనవద్దు. ఎవరికీ చెప్పొద్దని నేనే గట్టిగా చెప్పాను. నా మాట కాదనలేక ఊరుకుంది."

ఆయన నాకు అలా ఎప్పుడూ చెప్పలేదు. ఒక్కసారి కూడా. మేం ఆ మాటే ఎత్తుకోలేదు. అంతమంది ముందు, వేదిక మీద నిలబడి, నా కోసం అబద్ధం ఆడారు.

ఫిబ్రవరి 16, సోమవారం

సాయంత్రం కమిటీ మందిరంలో కూర్చుంది. ఆయన్ని పిలిచారు. నన్ను పిలవలేదు. అయినా వెళ్లాను.

"నిన్న అయ్యగారు చెప్పింది సగం నిజం. చెప్పొద్దని ఆయన నాతో ఎప్పుడూ అనలేదు. నేనే దాచాను. ఇల్లు పోతుందని దాచాను" అన్నాను. ఇంకో కారణం చెప్పలేదు. అది కమిటీది కాదు.

ఆయన కుర్చీలో తల వంచుకుని, "కూర్చో కుమారీ" అన్నారు. నేను కూర్చోలేదు.

ఎలీషా కళ్లద్దాలు తీసి తుడుచుకున్నాడు. "ఏడాదిగా నన్ను చదవమంటుంటే, నా గొంతు నచ్చే చదవమంటున్నారని అనుకున్నానయ్యగారూ" అన్నాడు. చిన్నబుచ్చుకున్నాడు. ఆయన "నీ గొంతు నిజంగానే బాగుంటుందిరా" అన్నారు. అందరూ నవ్వారు, ఎలీషా తప్ప. తర్వాత అతనూ నవ్వాడు.

ఈస్టరు దాకా ఆయనే. తర్వాత కొత్త పాస్టరు వస్తారు. మే నెలాఖరుకి ఇల్లు ఖాళీ చెయ్యాలి. ఎవరూ గొంతు పెంచలేదు. గొంతు పెంచి ఉంటే బాగుండేది అనిపించింది.

వచ్చే దారిలో ఆయన అడిగారు. "ఎందుకు లేచి చెప్పావు? నేను సర్దిచెప్పాను కదా."

"మీరు సర్దిచెప్పారు కాబట్టే."

ఫిబ్రవరి 20, శుక్రవారం

గుంటూరు కంటి ఆసుపత్రి. ఫెబా ఒంగోలు నుంచి తిన్నగా అక్కడికే వచ్చింది. నాతో మాట్లాడలేదు. వాళ్ల నాన్నతోనూ మాట్లాడలేదు. క్యూలో మా ఇద్దరి మధ్యా నిలబడి ఏడ్చింది.

కుడి కన్ను ఇక రాదట. రెటీనా అంతా నెత్తురు కారి మచ్చకట్టిందట. ఎడమ కన్ను ఉన్నంత మేరకు నిలబెట్టొచ్చట. నెలకొక ఇంజెక్షను, కంట్లోనే. "ఏడాది ముందు రావాల్సింది" అన్నాడు డాక్టరు. ఆ మాట ఎవరితో అంటున్నాడో చూడకుండా అన్నాడు. నాకే తగిలింది.

బండి తాళంచెవి ఆయనే జేబులోంచి తీసి ఫెబా చేతిలో పెట్టారు.

ఫిబ్రవరి 27, శుక్రవారం

మాబుకి నేనే ఫోను చేశాను. కారు వద్దనుకున్నామని చెప్పాను. షోరూం వాళ్లకి తనే చెబుతానన్నాడు. "సార్ ఎలా ఉన్నారు మేడం?" ఇంజెక్షను వేశారని చెప్పాను. ఎవరు వేశారు, ఏ ఆసుపత్రి, నొప్పి పుట్టిందా, అన్నీ అడిగాడు. కొత్త పాస్టరుగారికి కావాలంటే ఫైలు తెరిచే ఉంచుతానన్నాడు.

అతనికి థాంక్స్ చెబుదామనుకున్నాను. చెప్పేలోపు అతనికి వేరే ఫోను వచ్చింది.

శివపార్వతి కళ్లానికి వెళ్లాను. నాతో ఆయనా వచ్చారు, నడిచి. ఆయన నిలబడి "తప్పైపోయింది తల్లీ" అన్నారు. యలమంద తువ్వాలు దులిపి మంచం మీద పరిచి, "ముందు కూర్చోండి అయ్యగారూ" అన్నాడు. శివపార్వతి తల ఎత్తలేదు. తాలు ఏరుతూనే ఉంది. మేం వెళ్లేటప్పుడు మాత్రం, "అటు కాదు, ఇటు, ఇటు గట్టుంది" అని అరిచింది.

మార్చి 6, శుక్రవారం

పేటలో ఇల్లు చూశాను. రెండు గదులు, మేడ మీద. ఆయన వచ్చి మెట్లు లెక్కపెట్టుకుని దిగారు. నచ్చిందో లేదో చెప్పలేదు. "మూలన ఉన్న గది నాది" అన్నారు, అంతే. ఆయన వేరే గది అడగడం నాకు ఎక్కడో గుచ్చుకుంది. రోజంతా దాన్నే తిప్పుకుంటూ తిరిగాను.

మార్చి 20, శుక్రవారం

రెండో ఇంజెక్షను. బస్సులో వెళ్లాం. కిటికీ పక్కన ఆయన, ఇటు నేను.

పత్తి చేలల్లో కట్టె పీకుతున్నారు. దారి పొడుగునా నేను చెబుతూనే ఉన్నాను. అదిగో లారీ, ఇదిగో కాలేజీ, యడ్లపాడు వచ్చింది, ఇక్కడ వంతెన కడుతున్నారు.

"కుమారీ" అన్నారు. "ప్రతిదీ చెప్పకు. కొంచెం నాకూ కనిపిస్తుంది. కనిపించనిది అడుగుతాను."

నాకు రోషం వచ్చింది. "అడగరు. మీరు అడగరు, నాకు తెలుసు."

"అడక్కపోతే పడతాను. పడితే లేస్తాను."

ముందు సీటు ఆవిడ వెనక్కి తిరిగి చూసింది. నేను నోరు మూసుకుని, సీటు కమ్మీ పట్టుకుని కూర్చున్నాను. ఇక చెప్పడానికి ఏమీ లేకపోయేసరికి ఏం చెయ్యాలో తోచలేదు. సంచి తెరిచి మందుల చీటీ చూసి మూశాను. మళ్లీ తెరిచాను.

తర్వాత ఏం జరిగిందో తెలియదు. "లే, గుంటూరు వచ్చాం" అని ఆయన నా భుజం తట్టారు. కండక్టరుని అడిగి తెలుసుకున్నారట. రెండు నెలల నుంచీ పగలూ లేదు, రాత్రీ లేదు, ఒక్క కునుకు లేదు నాకు. బస్సులో, ఆయన భుజం మీద, నోరు తెరుచుకుని నిద్రపోయానట.

దిగేటప్పుడు చెయ్యి పట్టుకోబోయాను. ఆయన అప్పటికే కమ్మీ పట్టుకుని, కాలితో మెట్టు తడుముకుంటున్నారు. ఒక మెట్టు. ఇంకో మెట్టు. వెనక నుంచి జనం "దిగండమ్మా, దిగండి" అని తోస్తున్నారు. నేను కదలకుండా ఆయన వెనక నిలబడ్డాను.

ఆయన దిగాక దిగాను.